హల్లు మాట వినే అచ్చులు: మదుర భాషకు ఒక పరిచయం



భద్రిరాజు కృష్ణమూర్తిగారి స్మారక సభ అంటే తెలుగు గురించో, ద్రావిడ భాషల గురించో మాట్లాడటం మర్యాద. ఈ సాయంత్రం నేను ద్రావిడ భాషలతో ఏ చుట్టరికమూ లేని ఒక ద్వీప భాషను మీ ముందుకు తెస్తున్నాను. ఇందుకు ఆయన దగ్గరే నాకు ఆధారం ఉంది. ‘తెలుగు వెర్బల్ బేసెస్’ (1961) రాసిన పండితుడు తెలుగు ధాతువుల మీదే జీవితమంతా గడిపినా ఎవరూ కాదనేవారు కాదు. ఆయన మాత్రం కొండదొరలు మాట్లాడే కూబి భాషకు 1969లో వ్యాకరణం రాశారు. అంతకు ముందే, 1962లో, రైతుల నోటి మాటలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చారు. గొప్ప కావ్యాలున్న భాషకే వ్యాకరణం కావాలని ఆయన అనుకోలేదు. ఆ దారిలోనే ఈ ప్రసంగం.

ముందుగా పేరు దగ్గర ఒక అపోహ తీర్చాలి. ‘మదుర’ అనగానే తెలుగువాళ్లకు మధుర నాయకులు, దక్షిణాంధ్ర సాహిత్యం గుర్తుకొస్తాయి. నేను చెప్పే మదుర ఇండోనేషియాలో ఉంది. జావా ద్వీపానికి ఈశాన్యపు అంచున, సన్నని జలసంధికి అవతల, సుమారు 160 కిలోమీటర్ల పొడవున పడమర నుంచి తూర్పుకు సాగిన సున్నపురాయి నేల అది. పడమటి నుంచి వరసగా బంకలాన్, సంపాంగ్, పమెకసాన్, సుమెనెప్ అని నాలుగు జిల్లాలు. వరి అంతంత మాత్రం. పొగాకు, ఉప్పుమడులు, చేపలవేట, పశువులు అక్కడి బతుకుతెరువు. జోడెడ్లను కట్టి తోలే ‘కరపాన్ సపి’ పందేలకు ఆ దేశమంతటా పేరుంది. 2009 జూన్‌లో సురబయ నగరం నుంచి బంకలాన్ దాకా ఐదున్నర కిలోమీటర్ల సురమదు వంతెన తెరిచారు. అంతకు ముందు దాటాలంటే పడవే.

నేల చాలని జనం సముద్రం దాటారు. మదుర భాష మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు మదుర ద్వీపం మీద లేరు. తూర్పు జావాలో గుర్రపునాడా ఆకారంలో ఉంటుందని ‘తపల్ కుద’ అని పిలిచే ప్రాంతం ఉంది. అందులోని బొందొవొసొ, సితుబొందొ జిల్లాల్లో వీధి భాష ఇదే. పందొమ్మిదో శతాబ్దంలో డచ్చివాళ్లు జెంబెర్ చుట్టూ పొగాకు తోటలు వేసినప్పుడు కూలికి వచ్చినవాళ్ల వారసులూ ఈ భాషవాళ్లే. ఉత్తరాన బవెయాన్ ద్వీపం, తూర్పున కంగెయాన్ దీవులు దీని మాండలికాలవి. ఆ రెండింటినీ వేరే భాషలుగానే లెక్కించాలనే పండితులూ ఉన్నారు. బవెయాన్ నుంచి సింగపూర్ వెళ్లి స్థిరపడ్డవాళ్లను అక్కడ బొయాన్ జనం అంటారు.

మొత్తం ఎంతమంది? 2010 జనగణనలో తమను మదుర జాతివారిగా రాయించుకున్నవాళ్లు 71 లక్షల పైచిలుకు. ఈ భాషకు సమగ్ర వ్యాకరణం రాసిన అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం డేవిస్ అదే ఏడాది వచ్చిన తన పుస్తకంలో కోటీ నలభై లక్షలన్నాడు. ఇంత తేడాకు కారణం ఊహించవచ్చు. జాతి పేరు వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. జావాలో స్థిరపడి రెండూ కలగలిసిన కుటుంబాలను ఏ గడిలో వేయాలో లెక్కలు రాసేవాడికి తెలియదు. ఏ లెక్క తీసుకున్నా, ఇండోనేషియా జాతీయ భాషను పక్కన పెడితే, జావా, సుందా భాషల తరవాత ఆ దేశంలో పెద్ద భాష ఇదేనని పండితులు చెబుతారు. అయినా జావా భాష పేరు విన్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా దీని పేరు విని ఉండరు. జావా నీడ అంత చిక్కన.

ఆ నీడ గురించే నా ప్రసంగం. మదుర భాషలో ‘సంస్కారవంతమైనవి’గా గౌరవం పొందే భాగాలు చాలావరకు జావా రాజాస్థానాల నుంచి వచ్చినవి. ఆ భాష సొంతంగా పెంచుకున్నవి రెండు: దాని ధ్వనులు, దాని ఆమ్రేడితం. ఇండోనేషియా టీవీ హాస్యగాళ్లు మదురవాళ్లను వెక్కిరించేటప్పుడు అనుకరించేది సరిగ్గా ఆ రెంటినే. నాకు ఇందులో న్యాయం కనపడదు. అందుకే వెక్కిరింతకు గురైన వాటి నుంచే మొదలుపెడతాను.

ధ్వనుల సంగతి. మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు వరసలున్నాయి కదా. అందులో ఖ, ఘ అచ్చ తెలుగు మాటల్లో ఉండవు, సంస్కృతంతో వచ్చాయి. మదుర భాషలో మూడు వరసలు: క, గ, ఖ. అంటే అల్పప్రాణ శ్వాసం, నాదం, ఊపిరి వదిలే శ్వాసం. ఇదే మూడు వరసల అమరిక పెదవుల దగ్గర, పళ్ల దగ్గర, మూర్ధన్య స్థానంలో, తాలువు దగ్గర, కంఠం దగ్గర ఐదు చోట్లా కనపడుతుంది. మనకున్న త–ట, ద–డ తేడా వాళ్లకూ ఉంది. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి: వాళ్ల మహాప్రాణాలు అరువు సొత్తు కావు. నిత్యం వాడే దేశి మాటల్లో, వంటింటి మాటల్లో అవి ఉన్నాయి. పాత నాద స్పర్శాలు మారి మారి ఊపిరి పోసుకున్నాయి. ఆ చరిత్ర గుర్తుగానే కాబోలు, రోమన్ లిపిలో వాటిని నాదాక్షరాల పక్కన హెచ్ పెట్టి రాస్తారు. రాత ‘భ’, పలుకు ‘ఫ’. ఈ ‘ఫ’ను పెదాలు కలిపి పలకాలి. మనం ‘ఫలం’ అనడానికి బదులు పళ్లతో కింది పెదవిని నొక్కి ఇంగ్లీషు ఎఫ్‌ను పలకడం నేర్చి చాలా కాలమైంది గనక ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఇప్పుడు అచ్చులు. మదుర భాషలో వినపడే అచ్చులు ఎనిమిది. అవి నాలుగు జంటలు. ప్రతి జంటలో ఒకటి నోరు తెరిచి పలికేది, ఒకటి నాలుక పైకెత్తి పలికేది. ఎ–ఇ ఒక జంట, ఒ–ఉ ఒక జంట. అ అనే తెరిచిన అచ్చుకు జంటగా నాలుక లేపి, పెదాలు గుండ్రంగా చుట్టకుండా పలికే అచ్చు ఒకటుంది. మనకు దానికి అక్షరం లేదు కాబట్టి ఈ ప్రసంగ పాఠంలో అవగ్రహం పెట్టి ‘అఽ’ అని రాస్తాను. నాలుగో జంట మధ్యస్థమైన పొట్టి అచ్చులది, దాన్ని వదిలేద్దాం. అలాంటి అచ్చు తగిలిన చోట ‘ఎ’ అని రాసి సరిపెడతాను.

ఈ ఎనిమిదింటినీ మాట్లాడేవాడు ఇష్టం వచ్చినట్టు ఎంచుకోడు. ముందున్న హల్లు నిర్ణయిస్తుంది. శ్వాసం గానీ అనునాసికం గానీ ముందుంటే తెరిచిన అచ్చు. నాదం గానీ మహాప్రాణం గానీ ముందుంటే ఎత్తిన అచ్చు. మాట అచ్చుతో మొదలైతే అది సాధారణంగా తెరిచినదే. ర, ల లాంటి కొన్ని హల్లులు మాత్రం తటస్థం: వాటి ముందు ఏ రకం అచ్చు నడుస్తోందో తరవాత కూడా అదే సాగనిస్తాయి. కన్ను ‘మత’: రెండూ తెరిచిన అచ్చులు. చంద్రుడు ‘బులఽన్’: బ వల్ల ఉ, ల అడ్డుపడలేదు గనక వెనక అఽ. వంటిల్లు ‘ధఽపొర్’: మొదటిది ఎత్తినది, ప వచ్చేసరికి నోరు తెరుచుకుంది. నిప్పు ‘అపొయ్’. ఆ భాష పేరు రాతలో ‘భఽస మధురఽ’. ఇందులో భ తరవాత అఽ, స తరవాత అ, మ తరవాత అ, ధ తరవాత ఉ, ర అడ్డుపడక మళ్లీ అఽ. సూత్రమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

మన తెలుగులోనూ అచ్చులు ఒకదాన్నొకటి లాగుతాయి. మనిషి–మనుషులు, కత్తి–కత్తులు. బహువచనపు ఉకారం వెనక్కి వెళ్లి ఇకారాన్ని మార్చింది. కృష్ణమూర్తిగారి శిష్యులకు ఇది కొత్త కాదు. మన దగ్గర అచ్చును మార్చేది అచ్చు. మదురలో అచ్చును మార్చేది హల్లు, అదీ ముందుకు నడుస్తూ. ప్రపంచ భాషల్లో ఇది అరుదు. ఆబిగెయిల్ కోన్ 1990ల నుంచి, ఆ ద్వీపం మనిషే అయిన మిస్నదిన్ ఈ మధ్య కాలంలో, ప్రయోగశాలల్లో దీని మీద పనిచేశారు. వాళ్లను వేధించిన ప్రశ్న సూటిగా ఉంటుంది. మహాప్రాణాలు శ్వాసాలు కదా, గొంతులో నాదం లేదు కదా, మరి అవి నాదాల జట్టులో చేరి అచ్చును ఎందుకు పైకెత్తుతాయి? చరిత్ర ఒక జవాబిస్తుంది: అవి ఒకప్పటి నాదాలే, నాదం పోయినా అలవాటు పోలేదు. ఇప్పుడు పుట్టిన పిల్లవాడికి ఆ చరిత్ర తెలియదు. అతని నోట్లో ఈ రెండు వరసలనూ కలిపే గుణం ఏమిటన్నది ఇంకా వాదంలోనే ఉంది. నాకు చరిత్ర జవాబే ఎక్కువ నచ్చుతుంది, మాట్లాడేవాడి గొంతుకు అది సరిపోదని తెలిసీ.

సూత్రం ఎంత ప్రాణంతో ఉందో చూడాలంటే క్రియల దగ్గరికి రావాలి. చదవడానికి ధాతువు ‘బఽచ’. కర్త ప్రధానంగా చెప్పేటప్పుడు మొదటి హల్లు అనునాసికంగా మారుతుంది. బ పోయి మ వస్తుంది. అంతటితో ఆగదు. మ అనునాసికం గనక దాని తరవాతి అచ్చు తెరుచుకోవాలి. ‘బఽచ’ కాస్తా ‘మచ’ అవుతుంది. తెరవడం ‘బుక్క’ అయితే తెరుస్తున్నాడు ‘మొక్క’. ఏ పిల్లవాడికీ ఎవరూ నేర్పరు. బడికి పోని ముసలమ్మ కూడా తప్పదు.

ద్విత్వాల గురించి తెలుగువాళ్లకు చెప్పాల్సింది తక్కువ. గడి–గడ్డి తేడా మనకు పుట్టుకతో తెలుసు. మలయ్ భాష మాట్లాడేవాడికి తెలియదు, మదురవాడికి తెలుసు. అంకెలు వినండి: సెత్తొంగ్, దువఽ’, తెల్లొ’, ఎంప’, లెమ’, ఎన్నెమ్, పెత్తొ’, బఽల్లు’, సంగ’, సపొలొ. చివర పెట్టిన గుర్తు గొంతును ఠక్కున మూసే హల్లుకు. మలయ్‌లో ఎనమ్ అనే ఆరు ఇక్కడ ఎన్నెమ్. జావాలో తెలు అనే మూడు ఇక్కడ తెల్లొ’. జావాలో వొలు అనే ఎనిమిది ఇక్కడ బఽల్లు’. ఆ చివరి మాటలో ఇంకో మార్పు కూడా దాగుంది: పాత వకారం మదురలో బకారమైంది. వరిమడి మలయ్‌లో సవహ్, ఇక్కడ సబఽ. జావా పేరే ఇక్కడ ఝఽబఽ. యకారం జకారమైంది. మలయ్ కయు, ఇక్కడ కజు. కర్ర అని అర్థం.

వ బ అయిపోయి, య జ అయిపోయి, ఎన్నో మాటల చివర గొంతు మూసుకుంటూ, ద్విత్వాలతో నిండిన ఈ పలుకు జావా చెవికి మొరటుగా వినిపిస్తుంది. ‘వాళ్లది కటువైన భాష, మనుషులూ కటువు’ అని ఆ దేశంలో సులువుగా అనేస్తారు. పరువు కోసం కొడవలి పట్టే ‘చరొక్’ కథలు, ‘తెల్లబోయిన కళ్లతో బతికేకన్నా తెల్లటి ఎముకలు కావడం మేలు’ అనే అర్థమున్న సామెత ఈ అభిప్రాయానికి తోడవుతాయి. బోర్నియో ద్వీపంలో ఇండోనేషియా భాగమైన కలిమంతాన్‌లో, 1999లో సంబస్‌లో, 2001లో సంపిత్‌లో జరిగిన అల్లర్లలో మదుర వలసదారులు ప్రాణాలు కోల్పోయారు, వేలాది మంది ఇళ్లు వదిలి పారిపోయారు. అల్లర్లకు నేల, అడవి, ఉపాధి కారణాలు. ‘వాళ్లు అంతే’ అనే మాట మాత్రం ముందే సిద్ధంగా ఉంది. ధ్వనిశాస్త్రం చదివే విద్యార్థి ఒక భాషను ‘కటువు’ అని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక ఆమ్రేడితం. మలయ్ మొదలైన బంధు భాషల్లో మాటను మొత్తంగా రెండుసార్లు అంటారు. ఒరాంగ్ మనిషి, ఒరాంగ్-ఒరాంగ్ మనుషులు. మదుర భాష అంత శ్రమ పడదు. మాటలోని చివరి అక్షరాన్ని తీసి తలకు తగిలిస్తుంది. ఒరెంగ్ మనిషి, రెంగ్-ఒరెంగ్ మనుషులు. కన’ పిల్లవాడు, న’-కన’ పిల్లలు. అబిత్ చాలాసేపు, బిత్-అబిత్ ఎట్టకేలకు. ఎస్త్రె భార్య, త్రె-ఎస్త్రె భార్యలు. ఆ ఎస్త్రె సంస్కృతపు స్త్రీ అని వేరే చెప్పక్కర్లేదు. మయెన్ ఆట, ఎన్-మయెనన్ ఆటబొమ్మ. క్రియల మీద చేరితే పదేపదే చేయడం, కాలక్షేపానికి చేయడం, ‘-అన్’ ప్రత్యయంతో కలిసి ఒకరినొకరు చేసుకోవడం కూడా దీనితోనే చెబుతారు.

చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఇప్పటికే ఒక సంధి గుర్తొచ్చి ఉంటుంది. చివర చివర కలిస్తే చిట్టచివర, పగలు పగలు కలిస్తే పట్టపగలు, బయలు బయలు కలిస్తే బట్టబయలు. మన దగ్గరా మొదటి మాట మొత్తం నిలవదు, ముక్క మిగులుతుంది. ఆ ముక్క మాట తల నుంచి తీసినది, దానికి ‘ట్ట’ అనే అతుకు. మదురలో ముక్క మాట తోక నుంచి తీసినది, అతుకు లేదు. భాషల మధ్య చుట్టరికం ఏమీ లేదని ముందే చెప్పాను. సిద్ధాంతకారులకు మాత్రం ఇది పెద్ద చిక్కు. ఆమ్రేడితం మాట అంచున ఏర్పడితే, నకలు తన పక్కన ఉన్న అంచు నుంచే రావాలని చాలాకాలం అనుకున్నారు. మదురలో తోక నుంచి తీసి తలకు పెడుతున్నారు. ఇది ఆమ్రేడితమే కాదు, రెండు మాటలు కలిసిన సమాసంలో మొదటిది చివరి అక్షరం తప్ప అరిగిపోయిందని ఒక వాదం వచ్చింది. పూర్తి ఆమ్రేడితం బంధు భాషల్లో ఉండటం ఆ వాదానికి బలం. అలన్ స్టీవెన్స్ 1968లో ప్రచురించిన మదుర ధ్వని–పద నిర్మాణ గ్రంథం ఈ చర్చలన్నిటికీ సరుకు సమకూర్చింది. అంతకు ముందు డచ్చి అధికారి కిలియాన్ 1897లో వ్యాకరణం తెచ్చాడు, తరవాత నిఘంటువు కూడా. ఆ పాత పుస్తకాలు లేకపోతే నేటి పరిశోధకులు చాలా మాటలకు ఆధారం వెతుక్కోవాల్సి వచ్చేది.

వాక్యం గురించి కొద్దిగా. కర్త, క్రియ, కర్మ అనే వరసలో నడుస్తుంది. కాలాన్ని బట్టి క్రియ మారదు, ‘ల’ అంటే అయిపోయింది, ‘ఘి’’ అంటే ఇంకా, ‘భఽకల్’ అంటే రాబోయేది. ‘అలి మొకొల్ హసన్’ అంటే అలీ హసన్‌ను కొట్టాడు. ‘హసన్ ఎపొకొల్ అలి’ అంటే హసన్ అలీ చేత దెబ్బ తిన్నాడు. దీన్ని మన కర్మణి ప్రయోగంతో పోల్చకండి. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ మన నోట పుస్తకాల్లో తప్ప రాదు. మదురలో ‘ఎ-’ ఉన్న రూపమే కబుర్లలో, కథల్లో అడుగడుగునా వస్తుంది, నేను, నువ్వు, అతడు ఎవరు చేసినా అదే ఉపసర్గ. పైగా అది అవసరం కూడా. ‘అలీ కొట్టిన మనిషి’ అని విశేషణ వాక్యం చెప్పాలంటే ఆ మనిషి ముందుగా వాక్యంలో ప్రధాన స్థానానికి రావాలి, అందుకు ‘ఎ-’ ఉన్న రూపం తప్ప మార్గం లేదు. ఎవరు, ఏది అని ప్రశ్నించినా ఇదే షరతు.

ఇప్పటిదాకా చెప్పినవి ఆ భాష సొంతాలు. ఇక జావా నుంచి వచ్చిన మెట్లు.

మెట్లు అన్న మాట నాది కాదు, వాళ్లదే: ‘ఒంధఘ్ఘఽ భఽస’, భాషా సోపానాలు. ఎదుటి మనిషి వయసు, హోదా, చనువును బట్టి పదజాలమే మారిపోయే పద్ధతి అది. మెట్లు మూడు. అవును–కాదు అనే మాటలే వాటికి పేర్లు. కింది మెట్టు ‘ఎంజఽ’-ఇయఽ’. మధ్య మెట్టు ‘ఎంఘ్ఘి-ఎంతెన్’. పై మెట్టు ‘ఎంఘ్ఘి-భుంతెన్’. తినడం కింది మెట్టు మీద ‘ఙకన్’, మధ్యలో ‘నెద్ధఽ’, పైన ‘అధఽ’ఽర్’. ఇల్లు ‘బెంగ్కొ’, ‘చొంపొ’’, ‘ధఽలెమ్’. మనకూ తిను, భోంచేయి, ఆరగించు అని ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. ఆరగించమనకుండా తెలుగువాడు జీవితమంతా గడపగలడు. మదుర ఇంట్లో అత్తగారితో కింది మెట్టు మాటతో ‘తిన్నారా’ అని అడిగిన కోడలు గడప దాటక ముందే మాట పడుతుంది. ‘నేను’ అనడానికి కింది మాట ‘సెంగ్కొ’’. పై మెట్టు మీద ‘అబ్ధిన’, ‘భఽధఽన్ కవులఽ’ లాంటివి, సేవకుడనే భావం ఉన్న మాటలు. వైష్ణవుల ఇళ్లలో ‘దాసుణ్ణి’ అన్నట్టు. మెట్టుకు అందనంత చిన్నవాళ్లకు వేరే ముద్దు పిలుపులు ఉన్నాయి. మగపిల్లవాణ్ణి ‘చొంగ్’ అని, ఆడపిల్లను ‘భింగ్’ అని పిలుస్తారు.

ఈ మెట్లు జావా ఆస్థానపు సరుకు. సుమెనెప్ పాలకుడు ఆర్య విరరాజ సాయంతోనే 1293లో జావాలో మజపహిత్ రాజ్యం నిలబడిందని చెబుతారు. ఆనాటి నుంచి మదుర ప్రభువుల చూపు జావా వైపే. 1624లో జావాలోని మతారం రాజ్యాన్ని ఏలిన సుల్తాన్ అగుంగ్ ద్వీపాన్ని జయించాడు. జావా భాషలోనే ఈ మర్యాద భేదాలు బాగా పెరిగింది ఆ మతారం కాలంలో. మదుర రాజకుటుంబాలు జావాలో రాసుకున్నాయి, జావా కావ్యాలు చదివించుకున్నాయి, తమ భాషను ఇంట్లోకీ పొలానికీ వదిలేశాయి. రాజాస్థానం ఉండిన సుమెనెప్ మాండలికాన్ని నేటికీ ‘నాజూకైనది’ అనీ బడి పుస్తకాలకు ప్రమాణమనీ ఎంచడానికి కారణం ఇదే. ‘కాదు’కు సుమెనెప్‌లో ‘త’’, పడమటి బంకలాన్‌లో ‘లొ’’. బంకలాన్ మాటలో తక్కువతనం ఏదీ లేదు.

లిపి కూడా ఆ దారిలోనే వచ్చింది. ఒకప్పుడు మదురను జావా లిపి రూపమైన చరకన్‌లో రాసేవారు. జావా లిపికి మూలం కవి లిపి, దానికి మూలం పల్లవ లిపి. ఇక్కడ మనకు నిజమైన చుట్టరికం ఉంది. తొలి పల్లవుల మంచికల్లు శాసనం, మైదవోలు తామ్రశాసనాలు పల్నాటి, గుంటూరు ప్రాంతాలవి. దక్షిణ బ్రాహ్మి నుంచి ఒక కొమ్మ తెలుగు–కన్నడ లిపి వైపు సాగింది, ఇంకో కొమ్మ ఓడ ఎక్కింది. ఇస్లాం వచ్చాక అరబ్బీ అక్షరాలతో ‘పెగొన్’ రాత వచ్చింది, డచ్చివాళ్లతో రోమన్ వచ్చింది. అది నిలిచింది గానీ కుదురుకోలేదు. అఽ కు గుర్తు పెట్టాలా వద్దా, మహాప్రాణానికి హెచ్ రాయాలా వద్దా అని నియమాలు మారుతూనే వచ్చాయి. పాత అచ్చు పుస్తకాల్లో ‘బస మదుర’ అని ఉంటుంది. హల్లు చెబితే అచ్చు తెలిసిపోయే భాషలో గుర్తు లేకపోయినా మదురవాడు తప్పు చదవడు, తిప్పలన్నీ మనకే. ఇక్కడ నేను గుర్తులు వద్దనే పాతవాళ్ల పక్షం. నిఘంటువు రాసేవాళ్లు మాత్రం ఒప్పుకోరు.

సాహిత్యం అంటే ముందుగా నోటి సాహిత్యం: ‘కెఝుంగ్’ పాటలు, ‘పపరెఘఽన్’ అనే పద్యాలు, సామెతలు. ఆధునిక కాలంలో గొప్ప కవులను ఈ ద్వీపం కన్నది. సుమెనెప్ ప్రాంతంలో 1945లో పుట్టిన జవావి ఇమ్రోన్, మరుసటి ఏడు పుట్టిన అబ్దుల్ హాది ఇండోనేషియా కవిత్వంలో పెద్ద పేర్లు. రాసింది ఇండోనేషియన్‌లో. వాళ్లను తప్పుపట్టడం తేలిక. వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న పాఠకుడికి చేరే భాష ఉండగా పక్క జిల్లాకు కూడా పూర్తిగా అందని రాతను ఎంచుకోమని కవికి ఎవరం చెప్పగలం?

ఇప్పుడు బడుల సంగతి. తూర్పు జావా గవర్నరు 2014లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ ప్రాంతపు బడుల్లో స్థానిక భాష తప్పనిసరి పాఠ్యాంశం: కొన్ని జిల్లాల్లో జావా, కొన్నింట మదుర. తరగతిలో నేర్పేది ఏమిటి? ఎక్కువగా పై మెట్ల మాటల పట్టికలు. పిల్లలకు కింది మెట్టు నేర్పే పని లేదు, అది ఇంట్లో, ఆటస్థలంలో ఉచితంగా దొరుకుతుంది. రావలసింది పై మెట్టు, అదే రావడం లేదు. పెద్దవాళ్లతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు తప్పు మెట్టు ఎక్కితే పరువు పోతుందన్న భయంతో కుర్రకారు ఇండోనేషియన్‌లోకి దాటుకుంటున్నారు. ఇండోనేషియన్‌లో ఈ మెట్ల గొడవ లేదు, పరాయి భాషలో ఎవరూ అమర్యాదస్థులు కారు. మర్యాద కోసం భాషను వదిలేయడం వింతగా ఉంటుంది గానీ, ఆ కుర్రవాడి స్థానంలో ఉంటే మనమూ అదే చేస్తాం. తల్లిదండ్రులు కూడా కొందరు పిల్లలతో ముందు నుంచే ఇండోనేషియన్ మాట్లాడుతున్నారు, ముఖ్యంగా పట్టణాల్లో.

ఇందులో నాకు కనపడేది ఒకటే. గౌరవం పొందినవీ కరిగిపోతున్నవీ ఒకటే, జావా నుంచి వచ్చిన మెట్లు. వెక్కిరింత తిన్నవి, అంటే హల్లు చెప్పిన మాట వినే అచ్చులు, తలకు చేరే తోక అక్షరం, గొంతు మూత, ఎక్కడికీ పోలేదు. ఇండోనేషియన్ మాట్లాడేటప్పుడు కూడా అవి వాళ్ల నోట్లోంచి వస్తూనే ఉన్నాయి. మదురవాణ్ణి జకార్తాలో గుర్తుపట్టేది వాటి వల్లే. పరాయి ఊళ్లో సాటి మదురవాడు ఎదురైతే ‘తరెతన్ ధిబి’’, మనవాడే, అని దగ్గరికి తీసుకునేదీ వాటిని విన్నాకే.

పై మెట్టు ఇంకా నిత్యం వాడుకలో ఉన్న చోటు ఒకటుంది, మత పాఠశాలలు. మదుర ద్వీపంలో ‘పెసంత్రెన్’ అని పిలిచే ఈ గురుకులాలు లెక్కకు మించి ఉన్నాయి. సుమెనెప్ జిల్లా గులుక్-గులుక్‌లో 1887లో మొదలైన అన్నుఖాయహ్ వాటిలో పెద్దవాటిలో ఒకటి. అరబ్బీ గ్రంథం ముందు పెట్టుకుని, వరసల మధ్య పెగొన్ అక్షరాలతో మదుర అర్థాలు రాసుకుంటూ చదివే పద్ధతి అలాంటి చోట్ల నేటికీ ఉంది. ‘భుప్ప’, భఽభు’, ఘురు, రతొ’ అని అక్కడ ఒక మాట ఉంది: తండ్రి, తల్లి, గురువు, ఏలిక, గౌరవించాల్సిన వరస అదీ. ఇక్కడి ఘురు అంటే కియాయి, మత గురువు. తండ్రితో కింది మెట్టు మాట్లాడినా, దుకాణంలో ఇండోనేషియన్ మాట్లాడినా, కియాయి ముందు కూచున్న కుర్రవాడు ‘ఎంఘ్ఘి’ తప్ప ‘ఇయఽ’ అనలేడు. నేటి పెసంత్రెన్‌లలో ఇండోనేషియన్‌లో పాఠాలు చెప్పే తరగతులు పెరుగుతున్నాయి. ఆ తరగతుల్లో మాత్రం విద్యార్థి గురువుకు జవాబు చెప్పడానికి ఏ మెట్టూ ఎక్కక్కర్లేదు.